ఇది మొక్కు గుండు కాదు

ఇవాళ పొద్దున పాల ప్యాకెట్ల కోసం సందు చివరి దుకాణం దాకా వెళ్లాను. కార్తీకం సగమైంది, చలి ఇంకా మొహమాటపడుతూనే వస్తోంది. ఒంటిమీద నూలు చీర, కాళ్లకు హవాయి చెప్పులు, నెత్తిమీద బూడిదరంగు ఫెల్ట్ టోపీ. దుకాణం ఆవిడ ప్యాకెట్లు నా సంచిలో వేస్తూ, "జుట్టొచ్చింది గదా టీచరమ్మా, ఇంకా ఆ టోపీ ఎందుకు?" అంది. చెడ్డగా అనలేదు పాపం, మంచి మనిషే. నేనూ చెడ్డగా చెప్పలేదు. "నాకిష్టం" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, పక్కన అరుగుమీద పేపరు చదువుకుంటున్నాయన తలెత్తి చూశాడు. చూడనీ. చూస్తే అరిగిపోయే వస్తువు కాదది.

మా సత్తుపల్లిలో ఆడమనిషి నెత్తిమీద ఏముండొచ్చో, ఏముండకూడదో ఎక్కడా రాసిలేదు గానీ అందరికీ తెలుసు. కొంగు ఉండొచ్చు. నీళ్లబిందె ఉండొచ్చు. గడ్డిమోపు ఉంటే ఎవరూ తిరిగి కూడా చూడరు. బండి నడిపే ఆడపిల్లలకు హెల్మెట్ ఉండొచ్చు, లేకపోతేనే పోలీసులు ఆపుతారు. కానీ చుట్టూ అంచు, నడినెత్తిన పల్లం, ముందువైపు రెండు నొక్కులు, అంచు మొదట్లో నల్లపట్టీ ఉన్న దొరటోపీ మాత్రం ఉండకూడదు. ఉంటే పిల్లలు కౌబాయ్ అని అరుస్తారు. పెద్దలు ఏమీ అనరు, అనకుండా చూస్తారు. ఆ చూపులన్నీ పోయిన చలికాలం నుంచి మోస్తున్నాను, ఇంతవరకూ మెడనొప్పి కూడా రాలేదు.

ఈ టోపీ మా చిన్న మేనమామది. ఆయన అశ్వారావుపేటలో ఉంటాడు, ఎనభై దాటాడు, ఇప్పటికీ పామాయిల్ తోటల మధ్య దారివెంట పొద్దున్నే టోపీ పెట్టుకుని నడకకు వెళ్తాడు. ఉద్యోగమంతా భద్రాచలం అడవుల్లో, కలప డిపోల్లో గుమాస్తాగిరీ. మొదటి టోపీ ఖమ్మంలో కొన్నాడు. చలికాలం రాగానే రోడ్డుపక్కన డేరాలు వేసుకుని స్వెట్టర్లు అమ్మేవాళ్లు వస్తారు చూడండి, మనమందరం నేపాలోళ్లు అనేస్తాం, నిజంగా ఎక్కడివాళ్లో ఎవరం అడగం. మామయ్య స్వెట్టరు కొందామని వెళ్లి, స్వెట్టరు సంగతి మరిచిపోయి, అమ్మే ఆయన నెత్తిమీదున్న టోపీకి బేరం పెట్టాడు. ఆయన అమ్మనన్నాడు. మామయ్య డేరా ముందే గొంతుక్కూర్చున్నాడు. వచ్చే గిరాకీ అంతా ఈయన్ని దాటుకుని పోవాల్సి వచ్చేసరికి ఆయన నవ్వేసి, టోపీ తీసి చేతికిచ్చి, దాన్ని ఎట్లా చూసుకోవాలో కూడా వచ్చీరాని హిందీలో చెప్పి పంపాడట. ఆ పాఠం మామయ్య తన జీవితంలో మరిచిపోలేదు, మమ్మల్నెవరినీ మరిచిపోనివ్వలేదు.

డిపోలో గుమాస్తా నెత్తిన దొరటోపీ చూసి పై అధికారికి ఒళ్లు మండింది. నా గదిలోకి వచ్చేటప్పుడు అది తీసి రా అన్నాడు. మామయ్య చాలా మర్యాదగా, కండ్లద్దాలు తీసి రమ్మనలేదు, చేతి గడియారం తీసి రమ్మనలేదు, దీన్ని మాత్రం ఎందుకు తియ్యాలె సార్ అని అడిగాడట. ఆ ప్రశ్నకు జవాబు బదిలీ రూపంలో వచ్చింది. ఇంకా లోపలికి, బస్సు కూడా వెళ్లని డిపోకి వేశారు. అక్కడ దుంగలు తప్ప చూసేవాళ్లు లేరు. అక్కడా పెట్టుకున్నాడు. చుట్టుపక్కల గూడేల వాళ్లు తమ భాషలో ఆయనకు టోపీ మీదుగా ఒక పేరు పెట్టారు. ఆ పేరు చెప్పేటప్పుడు మామయ్య ఇప్పటికీ కొంచెం సిగ్గుపడతాడు, పద్మ బిరుదు వచ్చినవాడిలాగా.

ఆయన దగ్గర చిన్నప్పుడు మేం నేర్చుకున్న మొదటి సంగతి, టోపీని ముందు నొక్కుల దగ్గర పట్టుకుని లేపకూడదు. లేపితే, "నిన్ను ముక్కు పట్టుకుని లేపితే ఎట్లుంటది?" అని నిజంగానే ముక్కు పట్టుకునేవాడు. రెండు చేతులా అంచు పట్టుకుని తీయాలి. కింద పెట్టేటప్పుడు బోర్లా పెట్టకూడదు, అంచు వంగిపోతుంది, వెల్లకిలా పెట్టాలి. మెత్తటి బ్రష్షుతో ఒకే దిక్కుగా, నూగు పడుకునే వైపే తుడవాలి. సొట్ట పడితే ఇడ్లీపాత్ర ఆవిరి మీద ఒక జానెడు ఎత్తున పట్టి వేళ్లతో సర్దాలి. మా అమ్మ ఇడ్లీలు పెట్టినప్పుడల్లా వంటింట్లోకి టోపీ పట్టుకుని వచ్చేవాడు, ముందు ఇడ్లీలు తిననివ్వరా అని అమ్మ గొడవ. జిడ్డు మరకలకు గోరువెచ్చగా వేడిచేసిన తవుడు చల్లి రుద్దేవాడు. ఎండాకాలం టోపీలకు సెలవులు. బడి మూసినట్టే ఉగాది దాటాక వాటన్నిటినీ రేకుపెట్టెలో పెట్టి, ఎండిన వేపాకు, నాలుగు వసకొమ్ములు వేసి మూసేవాడు. ఉన్నితో చేసిందంటే చిమ్మెటలకు పెళ్లిభోజనమే. మళ్లీ మొదటి వానకు పెట్టె తెరిచి ఒక్కొక్కదాన్నీ దులిపి వాసన చూసేవాడు. ఆ వేపాకు వాసన, పాత ఉన్ని వాసన, ఆయన కొబ్బరినూనె వాసన కలిసి ఉండేది. నాకు తొలకరి అంటే ఇప్పటికీ అదే.

వానలో తడిసిన టోపీని ఆరబెట్టడంలోనే అసలు విద్య ఉంది. ఎండలో పెడితే ముడుచుకుపోతుంది, పొయ్యి దగ్గర పెడితే బిరుసెక్కుతుంది. లోపలి తోలుపట్టీ బయటికి తిప్పి, తలకాయంత గుండ్రటి వస్తువుకు తొడిగి, నీడలో గాలికి వదలాలి. మా ఇళ్లల్లో తలకాయంత గుండ్రంగా ఉండేది ఒకటే, గుమ్మానికి దిష్టికి కట్టే బూడిద గుమ్మడికాయ. ఒక శ్రావణమాసంలో మామయ్య ముద్దగా తడిసి వచ్చి, మా గుమ్మానికి ఉట్టిలో వేలాడుతున్న కాయను దించి, వసారాలో స్టూలు మీద నిలబెట్టి టోపీ తొడిగాడు. పసుపు బొట్లు, కుంకుమ బొట్లు, పైన దొరటోపీ. అమ్మ చూసి తల పట్టుకుంది. ఇంటికి కట్టిన కాయతో ఆటలా అని తిట్టింది. మామయ్య తుండుతో తల తుడుచుకుంటూ, "దీన్ని చూస్తే దిష్టి నవ్వుకుంటనే పోతదక్కా, ఇంట్లకెందుకొస్తది" అన్నాడు. ఆ వేళ ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆ కాయకు నమస్కారం పెట్టాలో వద్దో తెలియక ఒక క్షణం ఆగి లోపలికి వచ్చారు.

ఇంక నా సంగతి. పోయినేడు దసరా ముందర నా ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. క్యాన్సర్ అన్నారు. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు, తరవాత చలికాలం పొడుగునా కీమో ఎక్కించారు. రెండో విడత కాగానే జుట్టు నా దిండుమీద ఉండిపోయింది, నేను ఒక్కదాన్నే లేచాను. నేను బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యాను, పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే అది వేరే కథ, అందులో టోపీలు లేవు. తమ్ముడి ఇంట్లో పై వాటాలో ఉంటాను, కింద తమ్ముడు, మరదలు, వాళ్ల కూతురు. నా మేనకోడలు బ్యాంకులో పనిచేస్తుంది. ఆసుపత్రికి తోడు వచ్చింది ఎక్కువసార్లు మరదలే. వాంతులు ఎత్తిపోసింది ఆమే. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తరవాత నేను చెప్పేదాంట్లో ఆమె మీద మీకు కోపం రావచ్చు. నాకూ వచ్చింది.

మా వైపు ఆడమనిషి గుండుతో కనబడితే ఒకటే అర్థం, మొక్కు తీర్చుకుంది అని. భద్రాచలం వెళ్లి గోదావరిలో మునిగి తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లంటే నాకు చాలా గౌరవం. మా అమ్మ ఇచ్చింది, నేనూ ఒకసారి ఇచ్చాను. కానీ ఇది అది కాదు కదా. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తల్లో కొంగు కప్పుకుని బయటికి వెళ్తే, కొంగు జారినప్పుడల్లా ఎవరో ఒకరు రెండు చేతులూ జోడించి, ఏం మొక్కుకున్నారమ్మా, కోరిక తీరిందా అని అడిగేవారు. దేవుడికివ్వని జుట్టుకు దేవుడి పుణ్యం నేను తినడం ఏమిటని ప్రాణం చచ్చిపోయేది. కాదు, క్యాన్సర్ అంటే ఆ జోడించిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లకు తెలిసేది కాదు.

అప్పుడు మామయ్య వచ్చాడు. అశ్వారావుపేట నుంచి బస్సెక్కి, ఒళ్లో రేకుపెట్టె పెట్టుకుని, పై మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చాడు. పరామర్శ మాటలు ఒక్కటీ ఆడలేదు. పెట్టె తెరిచి బూడిదరంగు టోపీ తీశాడు. ఉత్త చర్మానికి ఉన్ని గుచ్చుకుంటుందని లోపల పాత నూలుచీర ముక్కతో అస్తరు కుట్టించి తెచ్చాడు. నా తలమీద రెండు చేతులా పెట్టి, కొంచెం కుడివైపుకు వంచి, దూరంగా జరిగి చూశాడు. "అరువే బిడ్డా, ఉత్తగ ఇస్తలేను. మళ్ల నువ్వే తెచ్చియ్యాలె. ఎవ్వరితోని పంపొద్దు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన బ్రష్షు ఎటు తిప్పాలో చూపించడం మొదలుపెట్టాడు.

ఆ చలికాలం టోపీతోనే గడిచింది. ఓపెన్‌కాస్ట్ గనుల బొగ్గు లారీలు ఊరి రోడ్డుమీద తిరుగుతుంటే మా కిటికీ చువ్వలమీద నల్లగా పొడి పేరుకుంటుంది. టోపీ మీదా అంతే. దాన్ని తడిగుడ్డతో తుడిస్తే మసి లోపలికి దిగి కూర్చుంటుంది, పొడి బ్రష్షుతోనే దులపాలి. రోజూ పొద్దున మేడమీద నిలబడి దులిపేదాన్ని. మందులు ఎక్కించిన వారం పిట్టగోడకు ఆనుకునైనా దులిపేదాన్ని. ఆ వారంలో నా ఇష్టప్రకారం జరిగే పని అదొక్కటే. ఉగాదికి మందులు అయిపోయాయి. నూగులాగా జుట్టు మొలిచింది. ఎండలు ముదిరాయి. మామయ్య లెక్కప్రకారం టోపీలకు సెలవులు. నేను ఫోన్ చేసి, ఇవ్వను అన్నాను. ఖమ్మం జిల్లా మే నెలలో ఫెల్ట్ టోపీ పెట్టుకుంటే తలకాయ ఇడ్లీపాత్రలో పెట్టినట్టే. అయినా తీయను అన్నాను. ఆయన, లోపలి గుడ్డ రోజూ మార్చు, చెమట తోలుకు తగలనియ్యకు అన్నాడు. అనుమతి అంటే అదే.

మే నెలలోనే మేనకోడలికి మధిర సంబంధం వచ్చింది. మంచి సంబంధం, ఫోటోలు చూసుకున్నారు, జాతకాలు కుదిరాయి, ఆదివారం సాయంత్రం చూపులకు వస్తామన్నారు. ఆ ముందు రోజు మరదలు పైకి వచ్చి నా మంచం అంచున కూర్చుంది. కాసేపు తోటకూర ధర చెప్పింది. తరవాత అసలు మాట చెప్పింది. "వదినా, నేను చెడ్డ చెప్తలేను. టోపీ చూస్తే ఎందుకని అడుగుతరు. ఉత్త తలతోని కొంగు కప్పుకుని కూసోండి. ఎవరన్న అడిగితే భద్రాచలంల మొక్కుండె, తీర్చుకున్న అనండి. రాముని పేరు చెప్తే ఇంకో మాట అడగరు." ఇంకా నమ్మకంగా ఉండాలంటే, మొలిచిన ఆ నూగు కూడా నున్నగా గీయించుకుని, గుండుకు రాసినట్టే కాస్త గంధం రాసుకుంటే సరిపోతుందని కూడా అంది. గంధం చెక్క తెచ్చే పెట్టింది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపం తలకెక్కింది. ఎన్ని నెలలకు మొలిచిన నూగు అది! రోజూ అద్దం ముందు నిలబడి తడిమి చూసుకుంటున్నదాన్ని. కానీ మరదలి భయం కూడా నాకు తెలుసు. ఇంట్లో ఆ జబ్బు ఉందని తెలిస్తే పిల్లకూ వస్తుందంటారు, సంబంధాలు ఆగిపోతాయి. అలా ఆగిపోయిన ఇళ్లు మా బంధువుల్లోనే ఉన్నాయి. నా టోపీ ఎక్కువా, పిల్ల పెళ్లి ఎక్కువా అని ఆమె నోరు తెరిచి అడగలేదు, కళ్లతో అడిగింది. ఆమె వెళ్లాక గంధం చెక్క చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్తున్నాను, సగం ఒప్పుకున్నాను కూడా. ఒక్కపూటే కదా, మేడమీదే ఉండిపోతే పోదా అనుకున్నాను.

మేనకోడలు బ్యాంకు నుంచి రాగానే తిన్నగా పైకి వచ్చింది. వాళ్లమ్మ ఏం చెప్పిందో దానికి తెలిసిపోయింది. నా చేతిలోంచి గంధం చెక్క తీసి కిటికీలో పెట్టింది. "అత్తా, ఇయాళ నువ్వు దాసుకుంటే, రేపు నాకొస్తే నన్ను కూడ దాసమంటరు. ఆ ఇంట్ల నేనెవరికి చెప్పుకోవాలె?" అంది. గొంతు పెంచలేదు. నా పక్కన కూర్చుని చెప్పులు విప్పుకుంటూ అంది. నాకు ఇంకెవరి మాటా అవసరం లేకపోయింది. మొక్కు అని చెప్పను, మేడమీద దాక్కోను, టోపీ తీయను అని అదే సాయంత్రం కిందికి దిగి మరదలితో చెప్పేశాను. తమ్ముడు టీవీ సౌండు పెంచాడు.

ఆదివారం పొద్దున నేను రక్తపరీక్షకు వెళ్లి వచ్చేసరికి బల్లమీద టోపీ లేదు. పెరట్లో, బకెట్లో, సబ్బుపొడి నురగలో మునిగి ఉంది. మరదలు బట్టలు ఆరేస్తూ నా వైపు చూడకుండానే, బొగ్గుదుమ్ము పట్టిందని నానబెట్టాను వదినా, చుట్టాలొస్తున్నారు కదా అంది. నిజంగా దుమ్ము కోసమే నానబెట్టిందా అని నేను ఇప్పటిదాకా అడగలేదు. అడిగితే ఇద్దరిలో ఒకరం అబద్ధం ఆడాల్సి వస్తుంది. బకెట్లోంచి తీస్తే చేతిలోకి వచ్చింది టోపీ కాదు, నానిన అట్టముక్క. పల్లం లేదు, నొక్కులు లేవు, అంచు వేలాడుతోంది. జుట్టు ఊడినప్పుడు కూడా అంత ఏడవలేదు నేను.

మేనకోడలు మామయ్యకు ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టింది. ఆయన తిట్టలేదు, కంగారుపడలేదు. "పిండకు. పిండితే దాని పానం పోయినట్టే. మంచినీళ్లతోని సబ్బు పోగొట్టి, తుండుల సుట్టి అద్దు. ఎండల పెట్టకు. ఇంటికి గుమ్మడికాయ గట్టిన్రా లేదా?" కట్టాం. వీధి గుమ్మానికి, ఉట్టిలో, పసుపు కుంకుమ బొట్లతో, ఉగాదికి కట్టిన కాయ. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, చూపులకు సింగారించుకోవాల్సిన పిల్ల స్టూలు వేసుకుని ఎక్కి ఉట్టి విప్పింది. మరదలు తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. శుభమా అని చుట్టాలొస్తుంటే ఇంటి దిష్టికాయ దించుతావా, నీ పెళ్లి నీకక్కర్లేదా అని నోరు బాదుకుంది. పిల్ల కాయను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నాకిచ్చింది.

కుంకుమ అంటకుండా పాత ధోవతి గుడ్డ చుట్టి, తోలుపట్టీ బయటికి తిప్పి, టోపీని కాయకు తొడిగి, ఉత్తరం వసారాలో పెట్టాను. పల్లం వేళ్లతో నొక్కాను, నొక్కులు నొక్కాను, అంచు చుట్టూ చెయ్యి తిప్పుతూ మూడుపూటలా మందేసినట్టు చూసుకున్నాను. ఆ వేళ వడగాలి కొట్టింది చూడండి, కొలిమి నుంచి వచ్చినట్టు. నేను పుట్టి బుద్ధెరిగాక ఖమ్మం ఎండ నాకు చేసిన ఉపకారం అదొక్కటే. సాయంత్రానికి పైన ఆరిపోయింది, లోపలి పట్టీ మాత్రం చెమ్మగా ఉంది. ఎడమవైపు అంచు కొంచెం వంకర తిరిగింది. ఆ వంకర ఇప్పటికీ ఉంది. పట్టు చీర కట్టుకుని, చెమ్మ టోపీ పెట్టుకుని, మొదటి కుర్చీలో కూర్చున్నాను.

అబ్బాయి, అబ్బాయి తల్లిదండ్రులు వచ్చారు. మర్యాదస్తులు. కుర్రవాడు తలొంచుకుని మధ్యమధ్య పిల్లను చూస్తున్నాడు, పిల్లా చూస్తోంది. పకోడీలు అయ్యాయి, టీ వచ్చింది. అబ్బాయి తల్లి నా వైపు తిరిగి నవ్వుతూ, "ఎండకా అండీ టోపీ?" అంది. ఎంత తేలికైన తలుపు తెరిచిందో ఆవిడ! అవునండీ అంటే అయిపోయేది, అబద్ధం కూడా సగమే. వంటింటి గుమ్మంలో మరదలు ట్రే పట్టుకుని నన్నే చూస్తోంది. "కాదండీ, క్యాన్సర్ వచ్చింది. మందులకు జుట్టు ఊడిపోయింది. ఇప్పుడు బాగున్నాను. టోపీ మా మేనమామది" అన్నాను. ఆవిడ కప్పు సాసరులో పెట్టేసింది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని మెల్లగా అడిగింది. లేదండీ, ఎవరికీ రాకూడదనే కోరుకుంటున్నాను, మీ ఇంట్లో కూడా అన్నాను. ఆ చివరి ముక్క నేను నోట్లోనే ఉంచుకోవాల్సింది అని తమ్ముడు తరవాత అన్నాడు. నేను అలా అనుకోవడం లేదు.

మంగళవారం మధ్యవర్తి ఫోన్ చేశాడు. జాతకాలు కుదరలేదట. కుదిరిన జాతకాలు ఆదివారం సాయంత్రం టీ తాగి వెళ్లి మళ్లీ విడిపోయాయన్నమాట. మరదలు పైకి రాలేదు, మెట్ల కింద నిలబడి, నేను చూసేదాకా ఆగి, "మీ టోపీ గెలిచింది వదినా, నా బిడ్డ పెండ్లి ఓడింది" అని లోపలికి వెళ్లిపోయింది. పిల్ల నా దగ్గర పడుకుని గోడవైపు తిరిగి, ఆ అబ్బాయి నాకు నచ్చాడత్తా, అయినా ఫర్వాలేదు అంది. ఫర్వాలేదు అన్న గొంతు అది కాదు. ఆ రెండు మాటలూ నన్ను ఇప్పటికీ గుచ్చుతాయి. తప్పు చేశానని కాదు, నూరుసార్లు అడిగినా అదే చెప్తాను. నేను చెప్పిన నిజానికి ఖరీదు వేరేవాళ్లు కట్టారని.

వానలు మొదలయ్యాయి. మరదలు నాతో మాట్లాడటం మానేసింది, అన్నం పంపడం మానలేదు. కారం తక్కువ వేసిన కూర, మీగడ తీయని పెరుగు, ఆసుపత్రివాళ్లు చెప్పినట్టే అన్నీ పైకి వచ్చేవి, ఆమె తప్ప. శ్రావణంలో భద్రాచలం వెళ్లి, మొక్కేమీ లేకుండా ఊరికే దండం పెట్టుకుని వచ్చాను. గుడిలోకి వెళ్లేముందు టోపీ తీసి సంచిలో పెట్టుకున్నాను. రాముడి ముందు తీయడానికి నాకేం అభ్యంతరం లేదు, ఆయన కారణం అడగడు. తిరుగుదారిలో జోరువాన పట్టుకుంది, అశ్వారావుపేటలో దిగేసరికి అంచునుంచి చూరులాగా నీళ్లు కారుతున్నాయి. మామయ్య వాకిట్లోనే టోపీ అందుకుని, ముందు దాన్ని ఆరబెట్టి, తరవాత నాకు తుండు ఇచ్చాడు. అరువు తీర్చడానికి వచ్చానన్నాను. ఆయన ఆ వంకర అంచును వేళ్లతో ఒకసారి సర్ది, అది సరికాదని తెలిసి, వదిలేశాడు. "నువ్వు రావాలె అన్న, వచ్చినవ్. టోపీ ఏం జేసుకుంట? నీ నెత్తికి అలవాటైంది" అన్నాడు. మేమిద్దరం వేడివేడి గారెలు తిన్నాం.

దసరా వెళ్లాక హైదరాబాదులో స్కాన్ తీయించుకుని, అంతా బాగుందని చెప్పించుకుని, చీకటి పడేముందు ఇల్లు చేరాను. చెప్పులు విప్పి మెట్లెక్కబోతుంటే కింద వాటాలో మరదలు ఫోన్‌లో మాట్లాడుతోంది. ఎవరో వైరా వైపు వాళ్లు, పిల్ల ఫోటో చూసి చేశారు. పిల్ల చదువు, ఉద్యోగం, గోత్రం చెప్పింది. తరవాత ఒక్క క్షణం ఆగింది. నేను మెట్టుమీద కాలు పెట్టి అలాగే నిలబడిపోయాను. "ముందుగాల ఒక మాట చెప్తున్న, వినండి. మా ఆడబిడ్డకు క్యాన్సరొచ్చింది. మందులు తీసుకున్నది, మంచిగున్నది. మా ఇంట్లనే ఉంటది. టోపీ పెట్టుకుంటది, మీరొచ్చిన రోజు కూడ పెట్టుకుంటది. ఆమె పక్కనే నేను కూసుంట. ఇష్టమైతే రండి, లేకపోతే ఇప్పుడే చెప్పండి" అంది. అవతలివాళ్లు ఏమన్నారో నాకు వినపడలేదు.

నేను గబగబా పైకి వెళ్లిపోయాను, విన్నానని ఆమెకు తెలియకూడదని. ఆ రాత్రి అన్నం గిన్నె ఆమే పైకి తెచ్చింది. తలుపు దగ్గర నిలబడి, స్కాన్‌లో ఏమన్నారు వదినా అని అడిగింది, లోపలికొచ్చి మంచం అంచున కూర్చుంది. ఊడిన జుట్టు ఎండలు పోకముందే మొలిచింది. దాచకుండా చెప్పే ఒక్క మాట మా ఇంట్లో మొలవడానికి చలీ, ఎండా, వానా మూడూ పట్టాయి.